అలాస్కాను కొనిన న్యాయవాది

రాజ్యములు కత్తితో పెరుగుట చరిత్రయందు సామాన్య విషయము. ధనముతో పెరుగుట అరుదు. ఆ అరుదైన మార్గమును అమెరికా సంయుక్తరాష్ట్రములవలె పలుమారు త్రొక్కిన రాజ్యము ఆధునిక కాలమున మఱొకటి కానరాదు. 1783లో స్వాతంత్ర్యము గుర్తింపబడిననాడు ఆ దేశమునకు పడమటి సరిహద్దు మిస్సిసిపి నది. 1803లో ఫ్రాన్సు యొద్ద లూసియానాను 1 కోటి 50 లక్షల డాలర్లకు కొని ఆ సరిహద్దును రాకీ పర్వతములదాక జరుపుకొనెను. 1819 నాటి సంధిచే స్పెయిను నుండి ఫ్లారిడాను పొందెను. రొక్కము స్పెయినుకు చెల్లింపలేదు కాని, స్పెయినుపై తన ప్రజలకు గల దావాలను 50 లక్షల డాలర్ల వఱకు తానే తీర్చుటకు ఒప్పుకొనెను. 1848లో మెక్సికోను యుద్ధమున నోడించి, దాని రాజధానియందు తన సేనలు నిలిచియుండగా, 1 కోటి 50 లక్షల డాలర్లిచ్చి కాలిఫోర్నియా మొదలగు విశాల ప్రాంతములను వ్రాయించుకొనెను. 1853లో గాడ్స్‌డెను అను రాయబారి ద్వారా మఱల మెక్సికోతోనే బేరమాడి, తుదకు 1 కోటి డాలర్లకు మఱియొక భూభాగమును కొనెను. 1867లో రష్యా చక్రవర్తి యొద్ద అలాస్కాను 72 లక్షల డాలర్లకు కొనెను.

ఈ క్రయములను గూర్చి వ్రాయువారు సాధారణముగా ధరను గూర్చియే వ్రాయుదురు. ఎకరము ఎన్ని సెంట్లకు దొరకినది, పిమ్మట అందెంత బంగారము పండినది, కొనినవాని దూరదృష్టి యెంతటిది అనునవే వారికి ముఖ్యములు. న్యాయస్థానముల మెట్లెక్కువాడు అడుగు ప్రశ్నలు వేఱు. అమ్మినవానికి హక్కు ఎట్లు సంక్రమించినది? భూమి ఎవరి అనుభవమున నున్నది? అనుభవమున నున్నవారు క్రయపత్రమున కక్షులా, కారా? అలాస్కా క్రయపత్రమును వ్రాయించిన విలియం హెన్రీ సీవర్డు స్వయముగా న్యాయవాది. అందును భూమి తగాదాలలో ఆరితేరినవాడు. అధికారము లేనివారి పక్షమున నిలిచి పేరు గడించినవాడు. కావున ఆయన జీవితమును ఈ మూడు ప్రశ్నల వెలుగున పరిశీలించుట ఉచితము.

సీవర్డు 1801 మే 16వ తేదీన న్యూయార్కు రాష్ట్రమున ఫ్లారిడా అను చిన్న గ్రామమునందు జన్మించెను. తండ్రి వైద్యుడు, భూస్వామి, కొంతకాలము న్యాయాధికారి. నాటికి న్యూయార్కు రాష్ట్రమున బానిసత్వము పూర్తిగా తొలగలేదు. క్రమముగా విముక్తి కలిగించు శాసనము 1799లో పుట్టినను, సంపూర్ణ విముక్తి 1827లో గాని కలుగలేదు. సీవర్డు తండ్రి యింటను బానిసలుండిరి. వంటయింట వారి నడుమ కూర్చుండి కథలు వినుచు పెరిగిన బాలునికి, తమ కుటుంబము వారికిని ఆ మనుష్యులకును గల భేదమునకు కారణమేమో తెలియలేదు. పెద్దవాడైన పిమ్మట తెలిసినది కాని, ఆ కారణము న్యాయమని మాత్రము ఆయనకు తోచలేదు.

పదునైదవ యేట యూనియన్ కళాశాలలో చేరెను. దర్జీవాని బాకీల విషయమై తండ్రితో కలహించి, 1819లో చెప్పకుండ దక్షిణమునకు బోయి, జార్జియా రాష్ట్రమున ఒక పాఠశాలలో ఉపాధ్యాయత్వమునకు కుదిరెను. అచట నుండిన కొలది కాలములోనే తోటలయందు బానిసల బ్రదుకు కన్నులార చూచెను. పిమ్మట మఱలివచ్చి 1820లో పట్టము పొంది, 1822లో న్యాయవాదిగా నమోదై, ఆబర్ను పట్టణమున ఎలైజా మిల్లరు అను వృద్ధ న్యాయవాదితో కలిసి వృత్తి ప్రారంభించెను. 1824లో ఆయన కుమార్తె ఫ్రాన్సెసును వివాహమాడెను. కూతురిని విడిచి యుండలేని మామ, అల్లుడు తన యింటనే కాపురముండవలెనని నిబంధన పెట్టెను. ఇల్లరికమునకు సమ్మతించిన ఆ అల్లునికి ఆ యిల్లే తుదివఱకు స్వగృహమైనది. ఫ్రాన్సెసు బానిసత్వమును భర్తకంటెను తీవ్రముగా ద్వేషించిన విదుషి. రాజకీయముల లౌక్యమునకు లొంగి భర్త మెత్తబడినప్పుడెల్ల ఆయనను హెచ్చరించుచు వచ్చినది ఆమెయే.

1830లో రాష్ట్ర సెనేటునకు ఎన్నికై, 1834లో గవర్నరు పదవికి పోటీచేసి సీవర్డు ఓడిపోయెను. ఓటమి పిమ్మట ఆయన చేపట్టిన పని మన విషయమునకు మిక్కిలి ముఖ్యము. న్యూయార్కు రాష్ట్రపు పడమటి భాగమున హాలండు కంపెనీ అను డచ్చి వర్తకుల సంఘమునకు అపారమైన భూములుండెను. ఆ భూములను వాయిదాలపై కొని, అడవులు నఱకి, సాగులోనికి తెచ్చిన రైతులు బాకీలు తీర్పలేక పోయిరి. కంపెనీ హక్కులను కొనిన క్రొత్త యజమానులు షరతులు బిగింపజూడగా, 1836లో రైతులు గుంపులుగా వచ్చి మేవిల్లు గ్రామమునందలి భూముల కచేరిని పడగొట్టి, దస్తరములను తగులబెట్టిరి. ఆ చిక్కు తీర్చుటకు యజమానులు సీవర్డును ఏజంటుగా నియమించిరి. ఆయన కచేరిని వెస్టుఫీల్డు గ్రామమునకు మార్చి, రైతులతో ఓర్పుగా మాటలాడి, బాకీలను తనఖాలుగా మార్చి, వారివారి పేర దస్తావేజులు వ్రాయించి, అల్లరిని అణచెను. భూమిపై నున్నవానిని కాదని కాగితము చెల్లదని, ఆయన అనుభవముచే నేర్చిన మొదటి పాఠమిది.

ఆ భూములకే ఇంకొక పూర్వకథ కలదు. అవి మొదట సెనెకా అను ఆదిమజాతివారివి. డచ్చి వర్తకులు తమకు హక్కు పరిపూర్తి కావలెనని పట్టుపట్టుటచే, 1797లో బిగ్‌ట్రీ అనుచోట సభ జరిపి, సెనెకా పెద్దలచే సంతకములు చేయించి, 1 లక్ష డాలర్లు చెల్లించిరి. ఆ బేరమున ఒత్తిడియు లంచములును లేకపోలేదు. ఐనను భూమియందున్న ఆదిమజాతి సమ్మతి లేక క్రయము పూర్తి కాదను సూత్రమైనను అచట అంగీకరింపబడినది. సీవర్డు ఏజంటుగా వ్రాయించిన ప్రతి దస్తావేజునకు మూలము ఆ 1797 నాటి ఒడంబడికయే.

1838లో గవర్నరుగా ఎన్నికై 1839 మొదలు 1842 వఱకు సీవర్డు న్యూయార్కు రాష్ట్రమును పాలించెను. ఒక బానిస తప్పించుకొనుటకు సాయపడిరను నేరముపై ముగ్గురు నల్లజాతి నావికులను తమకు అప్పగింపుడని వర్జీనియా రాష్ట్రము కోరగా, ఆయన నిరాకరించెను. మనుష్యుని ఆస్తిగా ఎంచని రాష్ట్రమున మనుష్యుని దొంగిలించుట అను నేరము లేదని ఆయన వాదము. పాఱిపోయివచ్చిన బానిసగా ఆరోపింపబడినవానికి జ్యూరీ విచారణ కలుగునట్లు శాసనము చేయించెను. ఐర్లండు నుండి వచ్చిన బీద వలసదారుల బిడ్డలకు విద్య కల్పింపవలెనని పోరాడి స్వపక్షమువారి ద్వేషమునకు పాత్రుడయ్యెను. పదవి దిగునాటికి ఆయనకు మిగిలినవి గొప్ప పేరు, పెద్ద అప్పు.

మఱల న్యాయవాద వృత్తికి దిగిన పిమ్మట, 1846లో ఆయన సాహసమును లోకము చూచినది. విలియం ఫ్రీమను అను నల్లజాతి యువకుడు ఆబర్ను సమీపమున ఒక కుటుంబమందలి నలుగురిని పొడిచి చంపెను. ఆతడు అంతకుముందు గుఱ్ఱపు దొంగతన నేరముపై అయిదేండ్లు చెఱలో నుండి, తలపై దెబ్బలుతిని, చెవుడును మతిభ్రంశమును పొందినవాడు. తాను ఆ దొంగతనము చేయలేదని తుదివఱకు చెప్పినవాడు. పట్టణమంతయు ఆతని ప్రాణము కోరుచుండెను. ఆతని పక్షమున నిలుచు న్యాయవాది లేకపోగా, సీవర్డు ప్రతిఫలము లేకయే పూనుకొనెను. చిత్తస్వాస్థ్యము లేనివానిని శిక్షించుట న్యాయము కాదని ఆయన దినములతరబడి వాదించెను. జ్యూరీ నేరస్థుడనియే తేల్చినది. అప్పీలులో పై న్యాయస్థానము పునర్విచారణకు ఉత్తరువు చేసినది కాని, అది జరుగకమునుపే 1847లో ఫ్రీమను చెఱయందే మరణించెను. శవపరీక్షలో ఆతని మెదడు వ్యాధిగ్రస్తమైయున్నట్లు వైద్యులు కనుగొనిరి. ఇరుగుపొరుగువారి స్నేహమును, కక్షిదారులను పోగొట్టుకొన్న సీవర్డునకు దేశమంతట గౌరవము పెరిగెను.

1849లో ఆయన కేంద్ర సెనేటులో ప్రవేశించి పండ్రెండు వత్సరములు సభ్యుడుగా నుండెను. రాజ్యాంగమునకంటెను ఉన్నతమైన ధర్మమొకటి కలదనియు, మనుష్యుని బానిస చేయుటకు ఆ ధర్మము అంగీకరింపదనియు 1850లో చేసిన ప్రసంగమువలన దక్షిణ రాష్ట్రములవారికి బద్ధశత్రువయ్యెను. 1850 నాటి బానిసల పునర్బంధన శాసనమును ఆయన ఎదిరించుటయే కాదు. ఆబర్నులోని ఆయన యింట ఫ్రాన్సెసు, పాఱిపోయి వచ్చినవారికి రహస్యముగా ఆశ్రయమిచ్చెను.

ఆ కాలమున సీవర్డు చేసిన ఒక చిన్న క్రయము ఆయన చేసిన పెద్ద క్రయముకంటె నెక్కువగా స్మరింపదగినది. బానిసత్వమునుండి తప్పించుకొని, పలుమారు దక్షిణమునకు బోయి ఎందఱినో విడిపించి తెచ్చిన హ్యారియెట్ టబ్‌మన్‌కు 1859లో ఆయన ఆబర్ను వద్ద ఏడెకరముల నేలను, ఇంటిని 1,200 డాలర్లకు అమ్మెను. సొమ్మును వాయిదాలపై తీర్చుకొనుటకు వీలు కల్పించెను. నల్లజాతివారు అమెరికా పౌరులు కారని అంతకు రెండేండ్ల ముందే, 1857లో, సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను. శాసనము ప్రకారము టబ్‌మన్ ఇంకను ఒకని ఆస్తియే. ఎక్కడ దొరకినను పట్టి అప్పగింపదగినది. ఆమెకు భూమి అమ్మినవాడు సెనేటు సభ్యుడు. ఆస్తి కలిగియుండుటకు అర్హత మనుష్యత్వమేగాని, రాజ్యమిచ్చు బిరుదు కాదని ఆ క్రయమున సీవర్డు చేతతో చూపెను.

1860లో రిపబ్లికను పక్షమున అధ్యక్షపదవికి అభ్యర్థిత్వము తనకే దక్కునని ఆయనయు, దేశమును తలంచిరి. చికాగో సభలో లింకను దానిని గెలుచుకొనెను. నిరాశను దిగమ్రింగి, సీవర్డు లింకను మంత్రివర్గమున విదేశాంగ మంత్రిత్వమును స్వీకరించెను. మొదట లింకనును తక్కువగా ఎంచినను, కొలది మాసములలోనే ఆయన ఘనతను గుర్తించి విధేయుడైన మిత్రుడయ్యెను. అంతర్యుద్ధ కాలమున బ్రిటను, ఫ్రాన్సులు తిరుగుబాటు రాష్ట్రములను గుర్తింపకుండ చేయుట ఆయన ఘనకార్యము. 1861లో ట్రెంటు అను ఓడ విషయమున బ్రిటనుతో యుద్ధము దాపురింపగా, పట్టుకొన్న దూతలను విడిచిపెట్టించి గండము తప్పించెను. బానిసత్వమును రద్దుచేసిన 13వ రాజ్యాంగ సవరణము అమలులోనికి వచ్చినదని 1865 డిసెంబరు 18వ తేదీన ప్రకటించిన హస్తాక్షరము సీవర్డుదే.

ఆ సంవత్సరమే ఆయనకు దుర్దినములును తెచ్చినది. ఏప్రిల్ 5వ తేదీన గుఱ్ఱపుబండినుండి పడి దవుడయు చేయియు విఱిగి మంచమెక్కెను. 14వ తేదీ రాత్రి, లింకను హత్యకు గురియైన సమయముననే, ఆ కుట్రలో మఱొకడు సీవర్డు పడకగదిలోనికి చొచ్చి కత్తితో మొగమును మెడను పొడిచెను. అడ్డువచ్చిన కుమారుడు ఫ్రెడరిక్కు తీవ్రముగా గాయపడెను. సీవర్డు బ్రదికెను కాని, ఆ భయమునుండి తేఱుకొనలేని ఫ్రాన్సెసు రెండు మాసములకే మరణించెను. మఱుసటి సంవత్సరము కుమార్తె ఫానీయు పోయెను. మనస్సాక్షివలె ప్రక్కన నిలిచి హెచ్చరించిన భార్య లేదు, లింకను లేడు. క్రొత్త అధ్యక్షుడు జాన్సను విముక్తులైన నల్లజాతివారి హక్కుల విషయమున ఉదాసీనుడు. సీవర్డు జాన్సను ప్రక్కనే నిలిచి పాతమిత్రుల నెందఱినో పోగొట్టుకొనెను. అలాస్కా క్రయము జరిగినది ఈ దశలో.

వాయవ్య అమెరికాలో రష్యావారికి గల అధికారము పేరు గొప్పది, బలము స్వల్పము. ఉన్నితోళ్ల వర్తకము చేయు రష్యా అమెరికా కంపెనీ వారి స్థావరములు కొన్ని సముద్రతీరమున నుండెను; ఏనాడును అచట కాపురమున్న రష్యావారి సంఖ్య వేయికి మించలేదు. లోపలి భూమి ట్లింగిట్, హైడా, అల్యూట్, అథబాస్కను, ఇనుపియాట్, యూపిక్ మొదలగు జాతులది. వారిలో ట్లింగిట్లు రష్యావారికి ఎన్నడును పూర్తిగా లొంగలేదు. సిట్కాలో రష్యావారు కొయ్యకోట కట్టుకొని, వారికి భయపడుచునే కాలము గడిపిరి. క్రిమియా యుద్ధమున నష్టపడిన రష్యాకు ధనము కావలెను. బ్రిటనుతో మఱల యుద్ధము వచ్చినచో ఆ దూరదేశమును నిలుపుకొనలేమను భయమును కలదు. శత్రువునకు చిక్కకమునుపే మిత్రునికి అమ్ముట మేలని చక్రవర్తి రెండవ అలెగ్జాండరు నిశ్చయించెను.

1867 మార్చిలో రష్యా రాయబారి స్టెకిల్ సీవర్డుతో బేరము మొదలిడెను. 50 లక్షలకు తగ్గవలదని ఆయనకు ఉత్తరువు. ఆతురపడిన సీవర్డు 70 లక్షల వఱకు వచ్చెను. కంపెనీకిగల హక్కులు, బాధ్యతలు ఏవియు తమపై పడకుండ భూమి నిష్కంటకముగా రావలెనని మఱి 2 లక్షలు కలిపెను. మార్చి 29వ తేదీ రాత్రి సీవర్డు ఇంట పేకాట సాగుచుండగా స్టెకిల్ వచ్చి చక్రవర్తి సమ్మతి అందినదని తెలిపెను. సీవర్డు మఱునాటిదాక ఆగక, అప్పటికప్పుడే గుమాస్తాలను పిలిపించి, కచేరి తెఱపించి, తెల్లవారుజామున 4 గంటలకు సంతకములు పూర్తిచేయించెను. 5,86,000 చదరపు మైళ్లకు మించిన భూమి, అనగా ఒకనాటి చెన్నరాజధాని వైశాల్యమునకు రమారమి నాలుగింతలు, ఎకరము దాదాపు 2 సెంట్లకు చేతులు మాఱినది.

పత్రికలు కొన్ని మంచుపెట్టె యనియు, ధ్రువపు ఎలుగుల తోట యనియు, సీవర్డు వెఱ్ఱి యనియు ఎగతాళి చేసిన మాట నిజమే. కాని సెనేటు సభ ఏప్రిల్ 9వ తేదీన 37 ఓట్లకు 2 ఓట్లతో సంధిని ఆమోదించెను. ప్రతినిధుల సభ సొమ్ము మంజూరు చేయుటకు 1868 జూలై వఱకు తాత్సారము చేసినది. ఆ మంజూరునకై లంచములు ప్రాకినవని పుకార్లు పుట్టి, సభాసంఘము విచారణ జరిపినది. ఏదియు నిర్ధారణ కాలేదు.

ఇక క్రయపత్రమును చదువుదము. 6వ ప్రకరణము, ఈ భూమిపై ఏ కంపెనీకిగాని, వ్యక్తులగు స్వంత ఆస్తిదారులు దక్క మఱే కక్షికిగాని, ఏ హక్కును, ఏ స్వాధీనమును లేదనియు, భూమి నిర్బాధకముగా సంక్రమించుచున్నదనియు చెప్పుచున్నది. 3వ ప్రకరణము నివాసులను గూర్చినది. రష్యాకు మఱలిపోదలచినవారు మూడేండ్లలో పోవచ్చును. నిలిచినవారికి అమెరికా పౌరుల హక్కులన్నియు కలుగును. నాగరికులుగాని ఆదిమజాతులకు మాత్రము ఆ హక్కులు లేవు. వారు ప్రభుత్వము ఎప్పటికప్పుడు చేయు శాసనములకు లోబడియుండవలెను. ఒక వర్తక కంపెనీ హక్కును తొలగించుటకు 2 లక్షల డాలర్లు లెక్కగట్టిన న్యాయవాది, వేలయేండ్లుగా భూమి అనుభవించుచున్నవారి స్వాధీనమును ఒక్క వాక్యమున లేనిదిగా చేసెను. సెనెకా పెద్దల సంతకముపై నిలిచిన దస్తావేజులు వ్రాయించిన చేయియే ఇది. టబ్‌మన్‌కు భూమి వ్రాసియిచ్చిన చేయియు ఇదియే.

ఆయనకు మార్గము తెలియకపోలేదు. ఆ సంవత్సరమే అక్టోబరులో డెన్మార్కుతో సెయింటు తామస్, సెయింటు జాన్ ద్వీపములను 75 లక్షల డాలర్లకు కొనుటకు ఆయన సంధిచేసెను. ప్రజల సమ్మతి పొందిననేగాని ఇవ్వమని డెన్మార్కు పట్టుపట్టగా, 1868 జనవరిలో ఆ ద్వీపములయందు ఓట్లు తీసికొనిరి, జనులు అంగీకరించిరి. కాని అమెరికా సెనేటు సభ ఆ సంధిని ఆమోదింపలేదు. ఆ ద్వీపములను మఱొకదానితో కలిపి 1917లో 2 కోట్ల 50 లక్షలకు కొనవలసివచ్చినది. అడిగి కొనిన భూమి నాడు దక్కలేదు. అడుగక కొనిన భూమి దక్కినది.

1867 అక్టోబరు 18వ తేదీన సిట్కాలో రష్యా జెండా దింపి అమెరికా జెండా ఎత్తిరి. తమ్ము విచారింపకయే, తమకొక కాసైనను ముట్టకయే తమ భూమి అమ్ముడుపోయెనని ట్లింగిట్ పెద్దలు అప్పుడే ఆక్షేపించిరి. రష్యావారికి తాము చోటిచ్చితిమేగాని భూమి ఇయ్యలేదని వారి వాదము. తనకు లేని హక్కును ఎవడును ఇతరునికి ఇయ్యజాలడను సూత్రము ఏ దేశపు న్యాయశాస్త్రమునందైనను కలదు. ఆ వాదమునకు తొలి సమాధానము సైన్యమిచ్చినది. 1869 ఆరంభమున కేక్ జాతివారి గ్రామములు, 1882లో అంగూను గ్రామము అమెరికా నౌకల ఫిరంగులకు, నిప్పునకు ఆహుతియైనవి. 1871లో ఆదిమజాతులతో సంధులు చేయు పద్ధతినే కాంగ్రెసు రద్దుచేయుటచే, అలాస్కా జాతులకు సెనెకాలకు దొరకినపాటి బేరమైనను దొరకలేదు.

1869 మార్చిలో పదవి వీడిన సీవర్డు ఆ వేసవిలో తాను కొనిన భూమిని చూడబోయెను. సిట్కాలో ప్రసంగించెను, చిల్కాటు లోయలో ఆగస్టు 7వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును చూచెను. టాంగాసు గ్రామమున ట్లింగిట్ నాయకుడు ఆయనకు గొప్ప విందు చేసి, విలువగల కానుకలిచ్చెను. వారి ఆచారమున అట్టి విందు కేవలము మర్యాద కాదు, ఒక విధమైన ఋణపత్రము. పుచ్చుకొన్నవాడు తగిన కాలమున అంతకు మిన్నగా తిరిగి ఇయ్యవలెను. సీవర్డు కానుకలు గైకొని వెడలిపోయెను. మఱల ఏమియు ఇయ్యలేదు.

పిమ్మట ఆయన లోకసంచారమునకు బయలుదేఱెను. చేతులు స్వాధీనము తప్పియున్నను, 1870లో బయలుదేఱి జపాను, చైనా, జావాలు చూచుకొని 1871లో మన దేశమునకు వచ్చి చెన్నపట్టణమునను దిగెను. నాటి చెన్నపురి గవర్నరు లార్డు నేపియరు పూర్వము వాషింగ్టనులో బ్రిటిషు రాయబారిగా నుండి సీవర్డు నెఱిగినవాడే. కాశి, ఆగ్రా, ఢిల్లీలను, పాటియాలా సంస్థానమును దర్శించి, ఐరోపా మీదుగా ఇంటికి చేరిన సీవర్డు 1872 అక్టోబరు 10వ తేదీన ఆబర్నులో మరణించెను. తాను చేసిన పనులలో అలాస్కా క్రయమే మిన్న యని, దానిని ప్రజలు గ్రహించుటకు ఒక తరము పట్టునని ఆయన చెప్పెనని ప్రతీతి. 1880లో జూనో వద్ద, పిమ్మట నోము వద్ద బంగారము, 1968లో ప్రూడో అఖాతమున చమురు దొరకి ఆ మాటను నిజము చేసినవి.

కాని ఆ క్రయమునందలి లోపమును గ్రహించుటకు తరములే పట్టినవి. ఆదిమజాతులకు పౌరసత్వము 1924లో వచ్చినది. ట్లింగిట్, హైడా జాతులు ప్రభుత్వముపై దావా వేయుటకు 1935లో కాంగ్రెసు ప్రత్యేక శాసనముచే అనుమతించినది. వేఱొక ట్లింగిట్ శాఖవారి వ్యాజ్యమున, గుర్తింపబడని ఆదిమ హక్కునకు రాజ్యాంగము ప్రకారము పరిహారము లేదని 1955లో సుప్రీంకోర్టు తోసిపుచ్చెను. కాని 1935 శాసనము క్రింద వచ్చిన దావాలో, 1867 నాటి సంధివలన ట్లింగిట్, హైడా జాతుల భూమిహక్కు నశింపలేదని 1959లో దావాల న్యాయస్థానము తీర్మానించినది. అలాస్కా పూర్ణరాష్ట్రమైనదియు ఆ సంవత్సరమే. 1968లో ఆ రెండు జాతులకు 75 లక్షల డాలర్లకు పైగా పరిహారము నిర్ణయించిరి. నూఱేండ్లలో డాలరు విలువ ఎంత తగ్గినను, అలాస్కా మొత్తమునకు రష్యాకిచ్చిన 72 లక్షలకంటె అది అంకెలో ఎక్కువ. చమురు గొట్టము వేయుటకు భూమిహక్కు తేలక తప్పనప్పుడు, 1971లో అలాస్కా జాతులన్నిటికి కలిపి 4 కోట్ల 40 లక్షల ఎకరములును, 96 కోట్ల 25 లక్షల డాలర్లును ఇచ్చుచు శాసనము చేసిరి. కేక్, అంగూను గ్రామములను కాల్చినందుకు అమెరికా నౌకాదళము 2024లో క్షమాపణ చెప్పినది.

సీవర్డును దుష్టుడనుట న్యాయము కాదు. ఫ్రీమను ప్రాణమునకై నిలిచినవానిని, బానిసత్వ నిర్మూలనమును ప్రకటించినవానిని ఆ మాట అనరాదు. ఆయనకు పూర్వము లూసియానా కొనినవారును, తరువాతివారును ఆ విషయమున ఆయనకంటె మేలైనవారు కారు. ఐనను, తెలియనివాడు చేసిన తప్పునకును, తెలిసినవాడు చేసిన తప్పునకును భేదము కలదు. ఎదుట నిలిచిన ఒక మనుష్యుని హక్కును ఎఱుగుట ఆయనకు సులభమైనది. పటముపై రంగు పూయబడిన దేశమున మనుష్యులున్నారని గుర్తించుట దుర్లభమైనది. రాజ్యములను నడుపు ఉత్తములకు సైతము తఱచుగా సంభవించు దోషమిదియే. కత్తితో గెలిచినది అన్యాయమని వెంటనే తెలియును. సొమ్మిచ్చి కొనినదానియందు అన్యాయమున్నను, రసీదు దానిని కప్పివేయును.

ఆబర్నులో సీవర్డు ఇల్లు నేడు ప్రదర్శనశాల. అలాస్కాలో మార్చి నెల చివరి సోమవారము ఆయన పేర సెలవుదినము. కెచికాను పట్టణమునకు సమీపమున శాక్స్‌మన్ అను ట్లింగిట్ గ్రామమున ఆయన బొమ్మ మఱియొకటి కలదు. టాంగాసు విందు బాకీ తీఱలేదని అచటి పూర్వులు ఒక కొయ్యస్తంభము నెత్తి, దాని కొనను సీవర్డు ప్రతిమను చెక్కి, చెవులకును ముక్కునకును ఎఱ్ఱరంగు పూసిరి. అది లోభికి వేసిన గుర్తు. పాత స్తంభము శిథిలమైనప్పుడెల్ల దాని స్థానమున క్రొత్తది చెక్కి, ఇటీవల 2017లోను నూతనముగా నిలిపిరి. చక్రవర్తికి చెల్లించిన 72 లక్షల రసీదు వాషింగ్టను దస్తరములలో భద్రముగా నున్నది. చెల్లింపని విందు బాకీ శాక్స్‌మన్‌లో వానకు తడియుచు నిలిచియున్నది.